గేర్‌బాక్స్ ఆయిల్ ఇంట్లో మార్చుకోవచ్చా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, నాది 2017 ఆక్టేవియా ఆర్‌ఎస్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. 60 వేలకి డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఆయిల్ మార్చాలని అంటున్నారు, కొటేషన్ చూస్తే కళ్ళు తిరిగాయి. ఇంజన్ ఆయిల్ ఎప్పుడూ నేనే మార్చుకుంటా, ఇది కూడా మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేసేసుకోవచ్చా? అసలు మార్చకపోతే ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: ముందు రెండోదానికి చెప్తా. మార్చాల్సిందే అండీ, అందులో బేరాల్లేవు. మీ కార్లో ఉన్నది డీక్యూ250, ఆరు గేర్ల డీఎస్‌జీ, దాంట్లో రెండు క్లచ్‌లూ ఆయిల్‌లోనే తిరుగుతాయి. గేర్లు అరిగిపోకుండా చూసేదీ, క్లచ్‌ల వేడి లాగేదీ, మెకట్రానిక్స్‌కి (గేర్లు మార్చే కంప్యూటర్, వాల్వుల యూనిట్‌కి) ప్రెషర్ ఇచ్చి గేర్లు మార్పించేదీ అన్నీ ఆ ఒక్క ఆయిలే, క్లచ్‌లు అరిగిన పొడి కూడా దాంట్లోనే కలుస్తుంది. రోజూ ఆఫీస్ టైంలో జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీకి పాక్కుంటూ వెళ్ళే బండిలో క్లచ్‌లు ఎంతసేపు సగం పట్టి సగం జారుతూ ఉంటాయో ఆలోచించండి. సిటీ బండి అయితే నేను 50 వేలకే మార్చేయమంటా.

ఇక ఇంట్లో చెయ్యడం. చెయ్యొచ్చు, కానీ ఇంజన్ ఆయిల్ లాంటిదే కదా అని మాత్రం దిగకండి. దీనికి డిప్‌స్టిక్ లేదు. కింద డ్రెయిన్ బోల్ట్ 14 ఎంఎం అలెన్ కీతో ఊడదీస్తే కాస్త ఆయిల్ కారి ఆగిపోతుంది, అంతే ఉందేమో అనుకుని చాలామంది అక్కడే బోల్తా పడతారు. ఆ రంధ్రంలోకి టార్చ్ వేసి చూస్తే లోపల చిన్న ప్లాస్టిక్ గొట్టం కనిపిస్తుంది, అది 8 ఎంఎం అలెన్ కీతో తిప్పి తీస్తే అప్పుడు దిగుతుంది అసలు ఆయిల్, సుమారు 5 లీటర్లు. బాక్స్‌లో మొత్తం పట్టేది 7 లీటర్ల పైనే, మిగతాది లోపలే ఉండిపోతుంది, దాని గురించి బెంగ వద్దు. 6 లీటర్లు కొనుక్కోండి, డబ్బా మీద జీ 052 182 స్పెసిఫికేషన్ ఉందో లేదో చూసి మరీ. ఫిల్టర్ పైన ఉంటుంది, బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ పక్కకి తీస్తేగానీ చెయ్యి పోదు, పాత ఫిల్టర్ ఏ వైపు పైకి ఉందో తీసేటప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి.

ఆ ప్లాస్టిక్ గొట్టం మళ్ళీ పెట్టేటప్పుడు టార్క్ (బిగించే బలం) 3 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు) మాత్రమే, అంటే వేళ్ళతో బిగించినట్టే, బలం చూపిస్తే విరుగుతుంది. బయటి బోల్ట్ 45 ఎన్‌ఎం, వాషర్ కొత్తది వెయ్యాలి.

ఇప్పుడు అసలు కథ లెవెల్ దగ్గర. ఆ గొట్టం ఎత్తే మీ లెవెల్. 5 లీటర్ల పైచిలుకు పోసి, బోల్ట్ పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని ఒక్కో పొజిషన్‌లో కొన్ని సెకన్లు ఉంచుతూ లివర్ అన్నిట్లోకీ తిప్పాలి, ఇంజన్ ఆపకుండానే ఆయిల్ టెంపరేచర్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కింద బోల్ట్ తియ్యాలి. ఎక్కువైన ఆయిల్ ధారగా పోయి, తర్వాత చుక్కలు చుక్కలుగా మారుతుంది, అప్పుడు బోల్ట్ బిగించేయాలి. అసలేమీ కారకపోతే ఆయిల్ తక్కువైందని, ఇంకొంచెం పొయ్యాలి. టెంపరేచర్ చేత్తో ముట్టుకుని చెప్పేది కాదు, వీసీడీఎస్ గానీ ఓబీడీ ఎలెవెన్ గానీ స్కానర్ పెట్టి స్క్రీన్ మీద చూడాలి. వేడెక్కేకొద్దీ ఆయిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి 60 డిగ్రీల దగ్గర లెవెల్ చూస్తే కావాల్సిన ఆయిల్ కూడా కారిపోయి, చల్లారాక బాక్స్‌లో తక్కువ మిగులుతుంది. మన దగ్గర మే నెల మధ్యాహ్నం బయటే 42 డిగ్రీలుంటే ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే ఆ 45 దాటేస్తుంది, ఎండాకాలంలో ఈ పని పెట్టుకుంటే రాత్రంతా ఆగి ఉన్న బండి మీద తెల్లవారుజామునే మొదలుపెట్టండి.

సెల్లార్‌లో మాత్రం వద్దండీ, ఈ మాట గట్టిగా చెప్తున్నా. సెల్లార్ ఫ్లోర్‌లకి నీళ్ళు పోవడానికి వాలు ఉంటుంది, బండి ఏ కాస్త వంగినా లెవెల్ తప్పు. అంతకంటే ముఖ్యం, ఇంజన్ ఆన్‌లో ఉంచి మీరు కింద పడుకుని ఉంటారు, గాలి ఆడని చోట ఎగ్జాస్ట్ పొగ ప్రాణాలు తీస్తుంది. ఉత్త జాకీ మీద అసలే వద్దు. బయట చదునైన కాంక్రీట్, గట్టి జాక్ స్టాండ్‌లు నాలుగు, స్కానర్, లివర్ తిప్పడానికి లోపల ఇంకో మనిషి, ఇవన్నీ ఉంటే చెయ్యండి. లేకపోతే ఆయిల్, ఫిల్టర్ మీరే కొనుక్కుని, లిఫ్ట్ ఉండి డీఎస్‌జీలు చేసిన అనుభవం ఉన్న బయటి గ్యారేజీకి వెళ్ళి, లెవెల్ చూసేటప్పుడు టెంపరేచర్ ఎంతుందో స్క్రీన్ చూపించమని అడగండి, విసుక్కుంటే ఇంకో గ్యారేజీ వెతుక్కోండి.

ప్రశ్న: అన్నా, నేను టెక్సస్‌లో ఉంటా, 2011 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, 5 స్పీడ్ మాన్యువల్. జీఎల్-5 గ్రేడ్ గేర్ ఆయిల్ పోస్తే సింక్రోలు (గేర్లు సాఫీగా కలిసేలా చేసే రింగులు) తినేస్తుంది, జీఎల్-4 మాత్రమే వాడు అని ఫ్రెండ్ అంటున్నాడు, కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ పుస్తకంలో జీఎల్-5 అని ఉంది. ఎవరి మాట వినాలి?
– ఫ్రిస్కో నుంచి ఒక గుంటూరు అబ్బాయి

జవాబు: ఓనర్స్ మాన్యువల్ మాటే విను తమ్ముడూ. మీ ఫ్రెండ్ చెప్పింది వేరే కార్ల విషయంలో కొంత నిజమే, జీఎల్-5లో సల్ఫర్, ఫాస్ఫరస్ అడిటివ్స్ ఎక్కువ, కొన్ని గేర్‌బాక్సుల్లో ఇత్తడి సింక్రోలకి అవి పడవు. కానీ నీ బండిలో ఫ్రంట్ డిఫరెన్షియల్ (ముందు చక్రాలకి శక్తి పంచేది) కూడా గేర్‌బాక్స్‌తో కలిపి అదే ఆయిల్‌లో ఉంటుంది, దాని హైపాయిడ్ గేర్ల పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకుంటాయి, ఆ ఒత్తిడికి జీఎల్-5 కావాలి. చిక్కదనం 75డబ్ల్యూ-90, మూడున్నర లీటర్లు పడుతుంది.

పోసేది డిప్‌స్టిక్ గొట్టంలోంచే, సన్నటి పొడుగు గరాటు కొనుక్కో. ఇంజన్ ఆయిల్ మారుద్దామని వెళ్ళి గేర్‌బాక్స్ ఆయిల్ దింపేసి, ఆ తర్వాత నిండుగా ఉన్న ఇంజన్‌లో ఇంకో నాలుగైదు లీటర్లు పోసేవాళ్ళు సుబారు ఓనర్లలో బాగానే ఉన్నారు, కాబట్టి దిగిన ఆయిల్ వాసన చూడు, గంధకం కంపు కొడితే అది గేర్ ఆయిల్. బోల్ట్‌కి మాగ్నెట్ ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి పేస్ట్ ఉండటం మామూలే, గోటితో తీస్తే గుచ్చుకునే ముక్కలు దొరికితే మాత్రం బాక్స్ విప్పి చూపించాల్సిందే. పాత ఆయిల్ డబ్బాలో పోసి ఆటోజోన్‌లో ఇచ్చెయ్, ఫ్రీగానే తీసుకుంటారు.

ప్రశ్న: నా పోలో జీటీ టీఎస్‌ఐ ట్రాఫిక్‌లో మొదటి రెండు గేర్లలో కుదుపుతోంది. గేర్ ఆయిల్ మారిస్తే పోతుందా?
– విజయవాడ

జవాబు: పోదండీ. మీది ఏడు గేర్ల డీక్యూ200, క్లచ్‌లు పొడివి, ఆయిల్‌తో వాటికి సంబంధమే లేదు. ఆయిల్ మీద డబ్బులు పెట్టకుండా ముందు స్కాన్ చేయించి క్లచ్‌ల అరుగుదల ఎంతుందో, మెకట్రానిక్స్‌లో కోడ్‌లు ఏమైనా ఉన్నాయో చూపించుకోండి.