సైన్స్ ఫిక్షన్ సాహస కథల్లో శత్రువులు ఎందుకు చేతులు కలుపుతారు?

నిన్నటిదాకా కాల్చుకున్నోళ్లు ఇవాళ ఒకే షిప్‌లో ఎందుకుంటారు అంటే మొదటి కారణం చాలా సింపుల్, బయట గాలి లేదు. భూమ్మీద గొడవైతే తలుపేసుకుని వెళ్లిపోవచ్చు, అక్కడ ఎక్కడికి పోతారు? ఒకడి దగ్గర ఆక్సిజన్, ఇంకొకడి దగ్గర ఇంజిన్ కోడ్ పెడితే చాలు, రచయిత పని సగం అయిపోతుంది. ఇది ఉత్త కల్పన కూడా కాదు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కరెంటు ఎక్కువగా అమెరికా సోలార్ ప్యానెళ్ల నుంచి వస్తుంది, కక్ష్య కిందికి జారకుండా పైకి తోసే పని ఎక్కువగా రష్యా వైపు చూసుకుంటూ వచ్చింది, అందుకే 2022లో యుక్రెయిన్ మీద దాడి తర్వాత కింద సంబంధాలు ఎంత చెడినా పైన మాత్రం కలిసే పనిచేశారు.

ఇక పాత్ర విధేయత తనవాళ్లకీ పక్కనున్న శత్రువుకీ మధ్య రెండుగా చీలిపోవడం, నాకైతే అసలు మజా ఇదే. మార్స్‌కీ భూమికీ మధ్య సిగ్నల్ ఒకవైపు వెళ్లడానికే దూరాన్ని బట్టి దాదాపు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, అంటే "ఆ శత్రువుని వదిలేసి వచ్చెయ్" అని భూమ్మీదున్న పైఅధికారుల ఆర్డర్ చేరేసరికి ఆ శత్రువే ఆల్రెడీ మనోడి ప్రాణం కాపాడేసి ఉండొచ్చు, ఇప్పుడు ఎవరి మాట వినాలి? ఎటు తిరిగినా ఆ పాత్ర ఏదో ఒకటి పోగొట్టుకోవాలి, ఊరికే మంచోడిగా మారిపోయాడు అంటే సీన్ తేలిపోద్ది. గండం గడవగానే ఇద్దరూ ప్రాణ స్నేహితులైపోయినా నమ్మబుద్ధి కాదు, ఉమ్మడి ముప్పు పోయాక పాత లెక్కలు మళ్లీ బయటికి రావాలి, మిగిలిన ఒక్క ఎస్కేప్ పాడ్ (షిప్ వదిలి తప్పించుకునే చిన్న నౌక) ఎవరిది అన్న దగ్గర్నుంచి.