కాస్మిక్ కిరణాలు చదివితే అన్నం పెడతాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. కాస్మిక్ కిరణాలు పరమాణు కేంద్రకాలను పగలగొట్టే సంగతి చదువుతానని పట్టుబట్టింది. మేము ఇంజనీరింగ్‌లో ఏఐ బ్రాంచి అనుకున్నాం. మా బంధువుల అబ్బాయికి అందులో మంచి ప్యాకేజీ వచ్చింది. ఏది మేలు? - ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: పిల్ల రేపు తన కాళ్ల మీద నిలబడుతుందా అన్నదే మీ దిగులు. నిలబడుతుంది. ముందు ఆ భయం తీసి పక్కన పెట్టండి.

ఆమె అడుగుతున్నది పనికిమాలిన చదువేమీ కాదు. కాస్మిక్ కిరణాలంటే ఎక్కువగా అంతరిక్షం నుంచి దాదాపు కాంతివేగంతో వచ్చే ప్రోటాన్లే. అవి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలను ముక్కలు చేస్తాయి. ఆ దెబ్బకు ఎగిరిన న్యూట్రాన్లు నేలదాకా వచ్చి రాళ్లలోని కేంద్రకాలనూ పగలగొడతాయి. అలా క్వార్ట్జ్ అనే ఖనిజంలో బెరీలియం-10 అనే రేడియోధార్మిక పదార్థం పుడుతుంది. రాయి లోతుగా పూడిపోతే కొత్తది పుట్టదు, ఉన్నది సుమారు 14 లక్షల ఏళ్లకు సగమవుతుంది; ఎంత మిగిలిందో చూసి, పూడి ఎన్నేళ్లయిందో లెక్కగడతారు. చెన్నై సమీపంలోని అత్తిరంపాక్కం రాతి పనిముట్లు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో తేల్చడానికి ఈ లెక్క కూడా తోడ్పడింది. అవే న్యూట్రాన్లు చిప్‌లోని సిలికాన్ కేంద్రకాన్ని తాకితే మెమరీలో 0 కాస్తా 1 అయిపోవచ్చు. విమానాలకు ఎలక్ట్రానిక్స్ తయారుచేసేవారికి ఈ బెడద బాగా తెలుసు.

ఇక ఏఐ. ఆ శాస్త్రం మీద నాకు గౌరవమే ఉంది, అనుమానమంతా ఆ బోర్డు మీద. చాలా కాలేజీల్లో బ్రాంచి పేరు మారింది, పాఠం చెప్పే మనిషి మారలేదు. గణితం అంతంతమాత్రంగా నేర్పి, నాలుగు సాఫ్ట్‌వేర్ల వాడకం చూపించి పంపిస్తే, ఆ సాఫ్ట్‌వేర్లు పాతబడిన రోజున పిల్లలు ఏం చేయాలి? బంధువుల అబ్బాయి ప్యాకేజీ చూశారు సరే, అదే క్లాసులో ఉద్యోగం రానివాళ్లెందరో అడిగారా? మీ ఉత్తరంలో ఆ అబ్బాయి జీతం ఉంది, మీ అమ్మాయి మార్కులు లేవు. ఇంట్లో ఎవరి గురించి ఎక్కువ మాట్లాడుకుంటున్నారో మీరే చూసుకోండి.

ఫిజిక్స్ దారి పొడుగన్నది నిజమే. కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో డిగ్రీ, పీజీ కలిసిన బీఎస్-ఎంఎస్ అయిదేళ్లు, ఆపైన పీహెచ్‌డీ. శాశ్వత పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అయితే పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పరిశోధన మొదట్లోనే నెలకు 37,000 రూపాయలు అందుతుంది, మీరు పోషించాల్సిన పని లేదు. ఈ రంగంలో చేసే పనిలో చాలా భాగం డేటా విశ్లేషణ, ప్రోగ్రామింగ్. మధ్యలో మనసు మారితే మీరు కోరుకున్న కంపెనీల్లోకే వెళ్లవచ్చు.

ఐసర్ ప్రవేశ పరీక్షకు గడువులోగా దరఖాస్తు చేయించండి. ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) కూడా రాయనివ్వండి, రెండింటికీ చదవాల్సింది చాలావరకు ఒకటే. ర్యాంకులు వచ్చేదాకా ఏ కాలేజీకీ అడ్వాన్సు కట్టకండి.