శనారం దయ్యాలు, ఐతారం కొట్లాటలు

బిడ్డా,

మీ బాపుతోని పంపిన కాయితం సదివిన. శనారం రాత్రి ‘రింగు’, ‘మసూద’, ఐతారం ‘36వ చాంబర్ ఆఫ్ షావొలిన్’, ‘ఓంగ్ బాక్’. నాలుగు సిన్మాలకు కలిపి ఒక్క పేజి రాసినవ్. అండ్ల ఎక్కువసార్లు ఉన్నయి మూడే మాటలు: భయమైంది, ఫైట్లు మస్తున్నయ్, మధ్యల బోర్. గీ మూడు మాటలు హనుమకొండ చౌరస్తల ఛాయ్ తాగేటోళ్లు ఎవలైనా చెప్తరు. కాలేజి పత్రికకు రాస్తనంటున్నవ్ కావట్టి, ప్రొజెక్టర్ రూముల బతుకు గడిపినోన్ని, నాకు తోచింది చెప్తున్న.

ముందుగాల చూసుడు సంగతి. దయ్యం సిన్మాను నడుమ ఆపద్దు. కొట్లాట సిన్మాను ఆపాలె, ఎనుకకు తిప్పి మళ్ల చూడాలె. నువ్వు దీనికి ఉల్టా చేసినవ్. ‘రింగు’ నడుస్తుంటె ఆపి, అన్నం తిని, దోస్తుతోని ఫోన్ మాట్లాడి మళ్ల పెట్టినవట. ఆ సిన్మాల ఏముంది చెప్పు? ఒక వీడియో క్యాసెట్ చూసినోళ్లకు ఫోన్ మోగుతది, ఏడు రోజులల్ల సస్తరు. తెర మీద తారీకులు పడుకుంట పోతయ్. జపాన్ డైరెక్టర్ హిడెయో నకాటా 1998ల మనల్ని కూసోబెట్టి ఒక్కొక్క రోజు లెక్కపెట్టిస్తడు. గా లెక్క నడుమ నువ్వు పప్పుచారు పోసుకుంటే టీవీలకెళ్లి ఆడిమనిషి పాక్కుంట వచ్చేసరికి నీకు జుట్టు తప్ప ఏం కనవడది. ఆమె నడక అంత వంకరగ ఎందుకుంటదో ఎరుకేనా? ఆ నటిని ఎనుకకు నడిపించి ఫిలిం తీసి, దాన్ని ఉల్టా నడిపిచ్చిన్రు. ఒళ్లు మనిషిదే, కదలిక మనిషిది కాదు. ఇసొంటిది ఒక్కటి పట్టుకొని రాసినా నీ పేజి నిలవడుతుండె.

భయం మంచిగ పండిందా లేదా అని మేము కేబిన్ కిటికీలకెళ్లి జనాన్ని చూసి చెప్పేటోళ్లం. కేకలు లెక్కల్కి రావు. దబ్బున సప్పుడు చేస్తే ఎవలైనా ఎగిరి పడ్తరు. కేకకు ముందుగాల దగ్గులు బందైతయా, పల్లీల పొట్లాల సప్పుడు ఆగుతదా, గది చూడాలె. నువ్వు ఒక్కదానివే చూసేటప్పుడు నీ చేతులు చూసుకో, అంతే.

సప్పుడు సంగతి వచ్చింది కావట్టి ‘సైకో’ గురించి చెప్తా. 1960ల వచ్చింది, నలుపు తెలుపు. స్నానాల గదిల కత్తిపోట్ల సీనుకు మ్యూజిక్కే వద్దనుకున్నడు డైరెక్టర్ హిచ్‌కాక్. మ్యూజిక్ డైరెక్టర్ బెర్నార్డ్ హెర్మన్ అచ్చంగ తీగల వాయిద్యాలతోని కట్టి వినిపిస్తే అప్పుడు మనసు మార్చుకున్నడు. సిన్మా మొత్తం ఒకసారి ఆపకుంట చూడు. తెల్లారినంక గా సీను ఒక్కటి సప్పుడు బంద్ చేసి పెట్టు. కత్తి ఎంత కనవడ్తది, చెవి ఎంత కల్పించుకున్నది అప్పుడు తెలుస్తది. మన దగ్గర 1992ల రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ ఉండనే ఉంది. అండ్ల కెమెరా మనుషుల ఎనుక మెల్లగ నడుస్తది. అది ఎవలి చూపో చెప్పకుంటనే రేవతి మీదికి పోతది.

‘మసూద’ మీద నువ్వు రాసినదాంట్ల ఒక్క మాట నాకు నచ్చింది, “ఆ పక్కింటి పిలగాడు నాకంటె ఎక్కువ భయపడ్డడు” అని. నవ్వులాటకు రాసినవ్ గానీ అసలు బలం అక్కడనే ఉంది. 2022ల సిన్మా, అప్పటికే దయ్యం పట్టిన పిల్లల కథలు మస్తు వచ్చినయ్. ఇండ్ల గా పక్కింటి గోపి అసొంటి పిరికోడు దయ్యం పట్టిన పిల్ల, ఆమె తల్లి కోసం ముందుకు పోవాల్సి వస్తది. దయ్యాన్ని చూసి రొమ్ము విరుచుకునే హీరో ఉంటే మనకేం భయం? ఆ ఒక్క మాటను నాలుగు వాక్యాలకు పెంచు. కామెడీ దయ్యాల జోలికి ఇప్పుడు పోకు, వాటి లెక్క వేరు.

ఇగ కొట్లాటలు. మాకు రోజుకు నాలుగు ఆటలు, అదే ఫైటు మళ్ల మళ్ల చూసేది. నీకు రిమోట్ ఉంది. మొదటిసారి చేతులు చూస్తవ్, అందరం అంతే. రెండోసారి కాళ్లు చూడు. నిజంగ నేర్చుకున్నోని కాలు దెబ్బకంటె ముందే జాగ చూసుకుంటది. కొట్టేటోడు, తినేటోడు ఇద్దరు ఒక్క ఫ్రేముల ఉన్నరా, దెబ్బదెబ్బకు కట్ పడుతుందా చూడు. చెయ్యి ఒకదాంట్ల, మొఖం ఇంకోదాంట్ల ఉంటే అది ఎడిటరు కొట్టిన దెబ్బ. తాళ్లు కట్టి ఎగిరేస్తే తప్పని కూడ అనుకోకు. 2000ల వచ్చిన ‘క్రౌచింగ్ టైగర్’ల ఎదురు బొంగుల కొనల మీద కత్తులు తిప్పుతరు, ఆ లోకంల అది చెల్లుతది. ఊరి సంతల కొట్లాటకు తాళ్లు కడితెనే నవ్వొస్తది.

జాకీ చాన్ కరాటే స్కూలుకెళ్లి రాలే, చిన్నప్పటి సంది పెకింగ్ ఒపెరా, అంటే చైనోళ్ల పాటల నాటకం, నేర్పే బడిల పెరిగిండు. ఆట, పాట, గంతులు, కత్తి అన్నీ కలిపి నేర్పేటోళ్లు. అందుకనే ఆయన ఫైటుల తాళం వినవడ్తది. మన ఓరుగల్లోల్లకు ఇది కొత్త కాదు. కాకతీయుల సేనాని జాయప నాట్యం మీద ‘నృత్తరత్నావళి’ అనే పుస్తకం రాసిండు. నాట్యం గురువు నటరాజ రామకృష్ణ పేరిణి అనే వీరుల నాట్యాన్ని మళ్ల నిలవెట్టేటప్పుడు రామప్ప గుడి బొమ్మల దిక్కు చూసిండు. పేరిణి ఎక్కడన్న ఆడుతుంటె పోయి ముందు వరసల కూసో, అడుగులు చూడు. దాని తర్వాత ఫైటు చూస్తే కన్ను వేరేగ పని చేస్తది.

‘36వ చాంబర్’ నడిమి భాగం బోర్ అన్నవ్. అది 1978 నాటి సిన్మా, డైరెక్టర్ లౌ కార్ లియుంగ్. షావొలిన్ మఠంల హీరో గోర్డన్ లియు రెండు చేతులు చాపి నీళ్ల బకీట్లు మోస్తడు, చెయ్యి కిందికి దిగితే పక్కటెముకలకు కత్తి గుచ్చుకుంటది. నీకు శిక్షణ సీన్లు ఫైటుకు అడ్డమనిపించినయ్. ఆ సిన్మాకు శిక్షణే కథ. చివరి కొట్లాటల వాని భుజం ఎందుకు దిగదో నువ్వు ముందే చూసినవ్, ఎవలు చెప్పే పని లేదు.

భయం, కొట్లాట కలిసేది చూడాలంటె ‘ఎంటర్ ది డ్రాగన్’ చివర అద్దాల గది చూడు. అండ్ల బ్రూస్ లీ వేగం పనికి రాదు. శత్రువు ఏ అద్దంల ఉన్నడో తెల్వదు, అది అచ్చం దయ్యం సిన్మా సీను. అద్దాలు పలగ్గొట్టుకుంట పోతేనే దారి దొరికింది.

రాసేటప్పుడు కథ మూడు ముక్కలల్ల చెప్పు, ముగింపు చెప్పకు. దోస్తులతోని మాట్లాడకముందే రాయి, లేకుంటె వాళ్ల మాటలే నీ కాయితంలకు వస్తయ్.

ఆఖరుకు ‘ఓంగ్ బాక్’. ఒకే తన్నును రెండుమూడు సార్లు చూపెట్టి టైం పాడు చేసిన్రన్నవ్. నేను ఒప్పుకోను. 2003ల హీరో టోనీ జా తాళ్లు లేకుంట, కంప్యూటర్ బొమ్మలు లేకుంట చేసిండు, అది నిజమేనని వేరే దిక్కుకెళ్లి మళ్ల చూపెడుతున్నరు. 1985ల ‘పోలీస్ స్టోరీ’ల జాకీ చాన్ స్తంభం పట్టుకొని జారింది కూడ అట్లనే మళ్ల మళ్ల చూపెట్టిన్రు. తుక్‌తుక్ బండ్ల ఛేజింగ్ మాత్రం సాగదీసిన్రు, అండ్ల నీ మాటే కరెక్టు. కథ కూడ పల్చగనే ఉంది, అది రాయి. గానీ కాళ్లకు మంట అంటుకొని తన్నే సీను మళ్లొకసారి పెట్టి, కింద కాళ్లు ఎక్కడ ఆనుతున్నయో చూసి చెప్పు. అప్పటికి కూడ బోర్ అంటే కారణం రాసి పంపు, మళ్ల కొట్లాడుకుందాం.

మీ పెద్దబాపు
హనుమకొండ