రోజూ రాత్రి టేబుల్ మొత్తం చెరిపి మళ్ళీ నింపాలా?

మీరు రాసింది చదువుతుంటే నా పాత రాత్రులు గుర్తొచ్చాయి. రాత్రి 2కి సేల్స్ టేబుల్‌ని ట్రంకేట్ చేసి (అంటే మొత్తం ఖాళీ చేసి), మెయిన్ డేటాబేస్ నుంచి అంతా లాక్కొచ్చి నింపుతున్నామన్నారు. పొద్దున 9కి కూడా అవడం లేదు, మేనేజర్లు రిపోర్ట్ తెరిస్తే తిరుగుతూనే ఉంటోంది, ఎయిర్‌ఫ్లో (జాబ్‌లని టైముకి నడిపే టూల్) పెడితే మనిషి చూడక్కర్లేకుండా నడుస్తుందా అని అడిగారు. నడుస్తుంది. కానీ ఇప్పుడున్న స్క్రిప్ట్‌నే అందులో పెడితే అదే ఏడు గంటలకి పైగా పట్టే పని, చూడ్డానికి బొమ్మలు మాత్రం బాగుంటాయి. ముందు లోడ్ చేసే పద్ధతి మార్చండి.

నేను నెల్లూరులో రొయ్యలు కొనే ఒక కంపెనీకి డేటా పని చూసేవాణ్ణి. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు చెరువుల్లో పట్టుబడి జరిగినప్పుడు కాటా దగ్గరి మనిషి ట్యాబ్‌లో ఎంట్రీ కొడతాడు: ఏ చెరువు, ఎంత బరువు, ఎంత కౌంటు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నది. 40 కౌంటు రేటు వేరు, 50 కౌంటు రేటు వేరు, గట్టు మీద సగం గొడవ దానిగురించే. రైతుకి లెక్క కట్టే టేబుల్ పొద్దున 6 కల్లా సిద్ధంగా ఉండాలి.

మేమూ మీలాగే చేసేవాళ్ళం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ట్రంకేట్ యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ తీసుకుంటుంది, అంటే అది వదిలేదాకా ఇంకెవరూ టేబుల్‌ని ముట్టుకోలేరు. ట్రంకేట్, లోడ్ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (జరిగితే అన్నీ జరిగి, లేకపోతే ఏదీ జరగని పనుల కట్టలో) ఉంటే కమిట్ అయ్యేదాకా, అంటే అంతా ఖాయమయ్యేదాకా, టేబుల్ చదివే మామూలు సెలెక్ట్ కూడా ఆగిపోతుంది. మీ రిపోర్ట్ తిరుగుతూ ఉండటం బహుశా అందుకే. విడివిడిగా పెడితే లాక్ వెంటనే వదులుతుంది గానీ, లోడ్ అయ్యేదాకా చూసేవాళ్ళకి టేబుల్ ఖాళీగానో సగంగానో కనిపిస్తుంది. ఒకసారి అలాగే మధ్యలో నెట్ పోయింది. పొద్దున్నే అకౌంట్స్ ఆయన ఫోను: "అబ్బయ్యా, రాత్రి విడవలూరులో ఒక్క చెరువూ పట్టలేదా ఏంది?" పదకొండు పట్టారు.

ఆ తర్వాత మారిన రోలు (టేబుల్‌లోని వరసలు) మాత్రమే తెచ్చుకోవడం మొదలుపెట్టాం. కిందటిసారి ఏ టైము దాకా తెచ్చామో ఒక చిన్న టేబుల్‌లో గుర్తుగా రాసిపెట్టి, ఆ తర్వాత మారినవాటిని కాపీ కమాండ్‌తో స్టేజింగ్ (తాత్కాలిక) టేబుల్‌లోకి పోసి, అక్కణ్ణుంచి ప్రైమరీ కీ (ప్రతి రోకీ ఉండే వేరే ఐడీ) మీద ఇన్సర్ట్ ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ అప్‌డేట్, అంటే ఆ ఐడీ లేకపోతే కొత్తగా చేర్చడం, ఉంటే దాన్నే మార్చడం. ఇది 9.5 వెర్షన్ నుంచీ ఉంది. 15లో ఇలాంటి పనే చేసే మెర్జ్ కూడా వచ్చింది గానీ, రెండు ప్రాసెస్‌లు ఒకేసారి రాసే అవకాశముంటే నాకు ఆన్ కాన్‌ఫ్లిక్ట్ మీదే నమ్మకం. కొత్త ఐడీలు తెచ్చుకుంటే చాలదా అంటే, మాకు చాలలేదు. ప్లాంట్‌లో మళ్ళీ కౌంటు చూసి 42ని 44 చేస్తారు, ఐడీ అదే ఉంటుంది. సోర్స్‌లో, అంటే మెయిన్ డేటాబేస్‌లో, రో మారిన టైము ఉండే కాలమ్ మీద ఇండెక్స్ (వెతకడానికి సూచిక) పెట్టించడం మర్చిపోకండి, లేకపోతే ప్రతిసారీ టేబుల్ మొత్తం చదువుతుంది.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. 'మారిన టైము'గా కాటా వేసిన టైమునే వాడాను. తుఫాను రోజుల్లో ఒక రాత్రి అల్లూరు వైపు సిగ్నల్ లేదు. ట్యాబ్ ఎంట్రీల్ని తనలోనే దాచుకుని మర్నాడు మధ్యాహ్నం పంపింది, వాటి మీద మాత్రం రాత్రి 11 గంటల టైము. మా గుర్తు అప్పటికే తెల్లవారి 4 దాటిపోయింది. ఆ రోలు ఇక ఎప్పటికీ రావు, ఎర్రర్ కూడా రాదు. నాలుగో రోజు ఆ రైతు ఆఫీసుకొచ్చి, చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, తడిసి ఆరిన కాటా చీటీని నా కీబోర్డు మీద పెట్టాడు. 640 కిలోలు, 42 కౌంటు. స్క్రీన్ మీద ఆయన పేరు ఎదురుగా సున్నా. ఆయన ఒక్క మాట అనలేదు, అదే ఇంకా ఇబ్బందైంది.

దాంతో సర్వర్‌లో రో పడిన లేదా మారిన టైముకి వేరే కాలమ్ పెట్టి, ట్రిగ్గర్‌తో (రో మారగానే డేటాబేస్ తనంతట తానే నడిపే కోడ్‌తో) నింపించాం. అదీ ఒక్కటే చాలదు. పోస్ట్‌గ్రెస్‌లో నౌ ఫంక్షన్ ఇచ్చేది ట్రాన్సాక్షన్ మొదలైన టైము. 4:00కి మొదలై 4:10కి కమిట్ అయిన రో, 4:05కి నడిచిన మన జాబ్‌కి కనపడదు. అందుకే ప్రతిసారీ రెండు రోజులు వెనక్కి వెళ్ళి చదివేవాళ్ళం. కీ మీద అప్‌డేట్ కాబట్టి ఒకే రోని పదిసార్లు తెచ్చినా డబుల్ అవదు.

డిలీట్లు ఈ పద్ధతిలో కనపడవు. మేము సోర్స్‌లో డిలీట్ మాన్పించి 'రద్దు' అనే ఫ్లాగ్ పెట్టించాం. చిన్న టేబుళ్ళకి ఇదంతా దండగ, కొత్త టేబుల్‌లో నింపి ఒకే ట్రాన్సాక్షన్‌లో పాతదానికీ కొత్తదానికీ పేర్లు మార్చేయండి.

నడపడానికి మాకు క్రాన్ (లినక్స్‌లో టైముకి జాబ్ నడిపేది) సరిపోయింది, 15 నిమిషాలకోసారి. ముందుది అవకముందే రెండోది మొదలవకుండా ఎఫ్‌లాక్ అనే కమాండ్ పెట్టండి. గుర్తు జరపడం, డేటా రాయడం ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉండాలి. మధ్యలో చస్తే రెండూ వెనక్కిపోతాయి, తర్వాతి జాబ్ అక్కణ్ణుంచే అందుకుంటుంది. సర్వర్ టైము యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ టైము) అయితే క్రాన్‌లో 2 అంటే మనకి పొద్దున 7:30, ఒక వారం ఆ దెబ్బ కూడా తిన్నాను. అలారం మాత్రం ఎర్రర్ మీద పెట్టకండి. క్రానే ఆగిపోతే ఎర్రర్ ఎవరు పంపిస్తారు? చివరిసారి సరిగ్గా పూర్తయ్యి గంట దాటితే ఫోనుకి మెసేజ్ వచ్చేలా, వేరే మిషన్ నుంచి పెట్టుకోండి.

మీ సోర్స్ టేబుల్‌లో మారిన టైము కాలమ్ ఉందో లేదో రాయలేదు. లేకపోతే ముందు ఆ ట్రిగ్గర్ పెట్టించండి. అవతలి టీమ్ ఒప్పుకోకపోతే, సోర్స్ ఏ డేటాబేసో, ఏ వెర్షనో, రోజుకి సుమారు ఎన్ని రోలు మారతాయో చెప్పండి. పోస్ట్‌గ్రెస్ 10 కానీ ఆపైన కానీ అయితే లాజికల్ రెప్లికేషన్‌తో (సోర్స్‌లోని మార్పుల్ని డేటాబేసే పంపించే పద్ధతితో) కుదురుతుందేమో చూద్దాం.