పొట్ట మీద చారలకి ఆ ట్యూబు రాయకమ్మా

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది పర్లాకిమిడి. నాకిప్పుడు ఏడో నెల. పొట్ట కింద, తొడల మీద ఎర్రగా చారలు పడ్డాయి, దురద కూడా ఉంది. గోక్కోబట్టే వచ్చాయని అత్తగారు అంటున్నారు. మా ఆయన తామరకని మెడికల్ షాపులో తెచ్చుకున్న ట్యూబు రాస్తే పోతాయని మా ఆడపడుచు చెప్పింది. రాసుకోవచ్చా? కాన్పయ్యాక ఇవి పోతాయా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: ముందు ఆ ట్యూబు పక్కన పెట్టెయ్యమ్మా. తామరకని చీటీ లేకుండా షాపుల్లో ఇచ్చేవాటిలో చాలావాటిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండు మూడు రోజుల్లోనే దురద తగ్గుతుంది కాబట్టి జనం మంచి మందనుకుంటారు, కానీ వారాల తరబడి రాస్తే చర్మం పలచబడిపోయి గజ్జల్లో, చంకల్లో లేని చారలు కూడా వస్తాయి, తామరేమో మొండికేసి ఇంకా పాకుతుంది. చారలు పోవడానికని చారలు తెచ్చే మందు రాసుకుంటావా? మీ ఆయన్ని కూడా చర్మం డాక్టరుకి చూపించుకోమను. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది.

గోకితే చారలు రావు, ఈ మాట అత్తగారికి నెమ్మదిగా చెప్పు. చర్మం మధ్య పొరలో కొలాజెన్, ఎలాస్టిన్ అనే పోగులుంటాయి. పొట్ట త్వరత్వరగా పెరుగుతున్నప్పుడు, గర్భంలో మారే హార్మోన్లు కూడా తోడై, పాత పట్టుచీర మడత దగ్గర విడిపోయినట్టు ఆ పోగులు విడిపోతాయి. సగానికి పైగా గర్భిణులకి వస్తాయి, ఎక్కువగా ఆరో నెల దాటాకే. మీ అమ్మగారికీ వచ్చి ఉంటే నీకు వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. ఎదిగే వయసు పిల్లలకీ, జిమ్‌లో గబగబా కండలు పెంచే కుర్రాళ్లకీ వస్తాయి. ఇందులో నీ తప్పేమీ లేదు.

పూర్తిగా మాత్రం పోవు. కాన్పయ్యాక కొన్ని నెలలకి ఎరుపు తగ్గి తెల్లగా, సన్నగా మారి అంతగా కనిపించవు. లేజర్, మైక్రోనీడ్లింగ్ (సన్నని సూదులతో చర్మాన్ని గుచ్చే చికిత్స) లాంటివి ఇంకొంచెం తగ్గిస్తాయి గానీ చెరిపెయ్యలేవు, ఖర్చూ ఎక్కువే. వేల రూపాయల క్రీములు కొనొద్దు. స్నానమయ్యాక తడి ఆరకముందే కొబ్బరినూనె రాసుకో, చర్మం మెత్తగా ఉండి దురద తగ్గుతుంది. చారలు రాకుండా ఆపుతుందని మాత్రం అనుకోకు, ఏ నూనే ఆపుతుందని రుజువు కాలేదు. రెటినాల్, ట్రెటినాయిన్ ఉన్న క్రీములు గర్భంలో అసలు వాడకూడదు. బరువు పెరుగుతుందేమోనని తిండి తగ్గించకు, ఈ నెలల్లో అది బిడ్డకి మంచిది కాదు.

ఇంకొకటి, చారలకన్నా నాకు ఇదే ముఖ్యం. పొక్కులేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు దురద పెట్టి, రాత్రయ్యేసరికి ఎక్కువై నిద్ర పట్టకపోతే, అది కాలేయంలో పిత్తం నిలవడం వల్ల కావచ్చు, కడుపులో బిడ్డకి ప్రమాదం. అలా ఉంటే వచ్చే చెకప్ దాకా ఆగకు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి దురద ఎక్కడెక్కడ ఉందో చెప్పి లివర్, బైల్ యాసిడ్ రక్తపరీక్షలు చేయించమని అడుగు.