మోచేయి దగ్గర సందు ఎందుకొస్తోంది?

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. తోలుబొమ్మ తరహాలో హనుమంతుణ్ని గీసి, ముక్కలుగా విడదీసి బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో రిగ్ చేస్తున్నాను, అంటే కదిలించడానికి ఎముకలు అమరుస్తున్నాను. చెయ్యి మడిస్తే మోచేయి దగ్గర సందు కనిపిస్తోంది. ఐకే (చేతి కొసను లాగితే మిగతా ఎముకలు వాటంతటవే మడిచే ఏర్పాటు) పెట్టాక చెయ్యి ఒక్కోసారి వెనక్కి మడుస్తోంది, దాంతోపాటు నడుమూ వంగుతోంది. ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకమ్మా, రిగ్ మొత్తం పడేయాల్సిన పని లేదు. ఐకేని కాసేపు ఆపేసి ముందు సందు సంగతి చూడు.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట నీకు దూరమేమీ కాదు. 2020లో పద్మశ్రీకి ఎంపికైన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు. వీలుంటే వెళ్లి అసలు బొమ్మ మోచేతిని దగ్గరగా చూడు. రెండు తోలు ముక్కలను అంచుకు అంచు ఆనించి కలపరు. ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పెట్టి, రంధ్రంలోంచి దారం తీసి ముడి వేస్తారు. చెయ్యి తిరిగేది ఆ ముడి చుట్టూనే. నీ హనుమంతుడికి ఆ ముడి ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి.

రెండు ముక్కల చివర్లనూ మోచేయి దగ్గర ఒకే కొలత గుండ్రంగా గీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టు. ముంజేయి ఎముక హెడ్ (ఎముక మొదలయ్యే కొస) ఆ గుండ్రం నడిమధ్యన ఉండాలి. అప్పుడు ఎంత మడిచినా సందు రాదు. ఇక్కడ చాలామంది బొమ్మ ముక్క ఆరిజిన్‌ను (ముక్క సొంత కేంద్ర బిందువును) మారుస్తూ గంటలు పోగొట్టుకుంటారు. ముక్కను ఎముకకు పేరెంట్ చేశాక (అంటే ఎముక వెంట కదిలేలా కట్టాక), ఎముకను తిప్పితే అది హెడ్ చుట్టూనే తిరుగుతుంది. ముక్క ఆరిజిన్ ఎక్కడున్నా ఒకటే.

అయితే ఎడిట్ మోడ్‌లో (ఎముకల అమరికను మార్చే చోట) ఎముకను జరిపితే దానికి కట్టిన ముక్క కూడా జరిగిపోతుంది. కాబట్టి ముందు ముక్కను ఎంచుకుని, ఆల్ట్ పీ నొక్కి 'క్లియర్ అండ్ కీప్ ట్రాన్స్‌ఫర్మేషన్' ఇవ్వు. ఎముక సరిచేశాక కంట్రోల్ పీతో మళ్లీ కట్టు.

నడుము వంగడానికి కారణం చెయిన్ లెంగ్త్, అంటే ఐకే ఎన్ని ఎముకలను లాగాలో చెప్పే అంకె. అది సున్నా ఉంటే ఐకే ముంజేయి నుంచి మొదలుపెట్టి పైనున్న పేరెంట్లన్నిటినీ లాగుతుంది. రెండు పెట్టు, భుజం దగ్గర ఆగిపోతుంది. చేతిని లాగే కంట్రోల్ ఎముకను మాత్రం ఆ చేతి ఎముకలకే పేరెంట్ చేయకు.

ఇక వెనక్కి మడవడం. రెస్ట్ పోజులో (కదిలించకముందు ఉండే భంగిమలో) భుజం, మోచేయి, మణికట్టు ఒకే గీత మీద ఉంటే ఎటు మడవాలో ఐకేకి తెలియదు. మోచేతి కీలు అది పొడుచుకురావాల్సిన వైపుకు కాస్త జరిగి ఉండాలి. ఎముకనొక్కదాన్నే జరిపితే ఇందాకటి గుండ్రం మధ్య తప్పిపోతుంది, అందుకే బొమ్మనే చెయ్యి కొంచెం మడిచి గీయమంటాను. ఇది నేను మా పిల్లలకు మొదటి క్లాసులోనే చెబుతాను. అప్పటికీ చెయ్యి తెర లోపలికి తిరుగుతుంటే, బోన్ ప్రాపర్టీస్‌లోని ఐకే భాగంలో, బొమ్మ తెరకు సమాంతరంగా తిరిగే అక్షం ఒక్కటీ వదిలి మిగతా రెండూ లాక్ చెయ్యి.

ప్రశ్న: తోలుబొమ్మ తరహా బొమ్మకు కాళ్లకు కూడా ఐకే కావాలా? (కడప నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అక్కర్లేదండీ. తోలుబొమ్మల కాళ్లు ఎక్కువగా వేలాడుతూ ఊగుతాయి, ఆ అందం ఎఫ్‌కేతోనే (ఒక్కో ఎముకను విడిగా తిప్పే పద్ధతితోనే) వస్తుంది. పాదం నేల మీద నిలిచి ఒళ్లు మాత్రమే కదిలే షాట్ ఉంటేనే ఐకే పెట్టుకోండి. కాలి ఎముకల రొటేషన్ మోడ్‌ను (తిరుగుడును లెక్కించే పద్ధతిని) క్వాటర్నియన్ నుంచి ఎక్స్‌వైజెడ్ ఆయిలర్‌కు మార్చండి. అప్పుడు కదలికను గీతలుగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో ఒక్క గీత మీదే ఊపు సరిదిద్దుకోవచ్చు. మోకాలు తొడకన్నా రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా కదలనివ్వండి.