పెరుగు తింటే చెడు బ్యాక్టీరియా చస్తుందా? మా పీజీ వంటింట్లో నేను చూసింది

"యాంటీబయాటిక్ వాడాక కడుపు పాడైంది. పెరుగు బాగా తింటే మంచి బ్యాక్టీరియా పెరిగి చెడ్డవాటిని చంపేస్తుందా?" అని ఒకరు ఇక్కడ అడిగారు. చంపడం దాకా ఎందుకు, చాలాసార్లు తిండి దక్కకుండా చేస్తే చాలు. ఇది నాకు బెంగళూరులో మంచం పట్టినప్పుడు తెలిసింది.

మారతహళ్లిలో మా పీజీలో (అంటే డబ్బు కట్టి ఉండే హాస్టల్లో) అరవై మందిమి, సగానికి పైగా తెలుగువాళ్లమే. రింగు రోడ్డు ట్రాఫిక్‌లో చిక్కుకుని రాత్రి పదింటికి వచ్చినవాడికి గిన్నె అడుగున బెల్లం సాంబారు తప్ప ఏమీ మిగలదు. (సాంబారులో బెల్లం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) ఒకడు అన్నం తప్ప ముట్టడు, ఒకడు చపాతీలు వదలడు, ఇంకొకడికి పెరుగే ప్రాణం. ఇన్ని రకాల నోళ్లు ఉండబట్టే అన్ని గిన్నెలూ ఖాళీ అవుతాయి.

సంక్రాంతికి అందరూ ఊళ్లకు పోయారు. మా మేనేజరు దయవల్ల సెలవు దొరకక నేనూ మరో నలుగురూ మిగిలాం. అంతకుముందే గొంతు నొప్పి అంటే మందుల షాపు కుర్రాడు చీటీ కూడా అడగకుండా యాంటీబయాటిక్ అట్ట చేతిలో పెట్టాడు. మూడు రోజులు మింగి, తగ్గిందని ఆపేశాను. భోగి నాడు ఐదుగురం ఒకే బండి దగ్గర పానీపూరీ తిన్నాం. నలుగురు హాయిగా నిద్రపోయారు. నేను తెల్లవార్లూ బాత్‌రూముకీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. అప్పుడే కింద వంటింట్లో గిన్నెలు దొర్లిన చప్పుడు. వంటమనిషి అలవాటు కొద్దీ ఎక్కువే వండి వెళ్లాడు, తినే దిక్కు లేదు. పందికొక్కులు వచ్చాయి. ఏడాది పొడుగునా పక్క కాలువలో ఉన్నవే, ఎప్పుడూ లోపలికి రాలేదు.

మర్నాడు డాక్టరు మొదట అడిగిందే, "ఈమధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?" అని. ఆ మాత్రలదే తప్పని నేను అక్కడే తీర్మానించేశాను. పానీపూరీ బండిదైతే మిగతా నలుగురికీ రావద్దా?

తినేవాళ్లు లేని వంటింట్లోకి పందికొక్కులు దూరినట్టే, మంచి బ్యాక్టీరియా తగ్గిన నా పేగుల్లోకి చెడ్డవి దూరాయనుకున్నాను. ఇది నా ఒక్కడి గోల కాదు. 1954లోనే ఎలుకలకు స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి చూశారు. మామూలు ఎలుకకు సాల్మొనెల్లా అనే జబ్బు బ్యాక్టీరియా అంటుకోవాలంటే లక్ష క్రిములు పట్టేవి, మందు పడ్డాక పది కూడా అక్కర్లేకపోయింది. 2023లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మన పేగుల్లో ఉండే వంద రకాల బ్యాక్టీరియాను ఒక్కొక్కటిగా క్లెబ్సియెల్లా (ఇదీ జబ్బు చేసే బ్యాక్టీరియాయే), సాల్మొనెల్లాల మీదికి వదిలితే ఏదీ పెద్దగా అడ్డుకోలేదు. యాభై రకాల దాకా కలిపితే మాత్రం ఆ రెండూ పెరగలేకపోయాయి, వాటికి కావలసిన ఆహారాన్ని ఈ గుంపు ముందే తినేసింది కాబట్టి. ఆ గుంపులో కీలకమైనది, పేరు వింటేనే మనం భయపడే ఈ-కోలి అనే బ్యాక్టీరియా. సాల్మొనెల్లాకు దగ్గరి చుట్టం, తిండి అలవాట్లూ దాదాపు అవే. అయినా అది ఒక్కటే ఉంటే చాలలేదు, మిగతా గిన్నెలు ఖాళీ చేసేవాళ్లు కూడా ఉండాలి.

ఇక మీ పెరుగు. మా అమ్మ కూడా ఫోనులో "పెరుగన్నం తిను నాన్నా" అనే చెప్పింది, తిన్నాను, ఒంటికి హాయిగానే ఉంది. కానీ పెరుగులోని బ్యాక్టీరియాలో చాలావరకు చుట్టపు చూపుగా వచ్చిపోయేవే, పేగుల్లో కాపురం పెట్టవు. పైగా అవి ఏవో కొన్ని రకాలే. అరవై మంది పీజీని ఇద్దరు పెరుగు ప్రియులతో నింపలేం కదా. పప్పులు, ఆకుకూరలు, రకరకాల కూరగాయలు తింటూ పాతవాళ్లను మళ్లీ పెరగనివ్వాలి. డాక్టరు రాసిన మాత్రలు మానమని నేను అనడం లేదు. నాలా షాపు కుర్రాడి మాట విని మింగవద్దు. జ్వరమో రక్తమో కనబడితే ఇక్కడ ప్రశ్నలు అడుగుతూ కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి.

కనుమ మర్నాడు మా గదివాడు అరిసెలతో దిగాడు. ముక్కు ఎగబీలుస్తూ నా బల్ల మీద అట్ట చూసి, "రెండు మిగిలాయి కదా అన్నా, నేను వేసుకోనా?" అన్నాడు.